పాతరలో నల్ల ద్రాక్ష

దేవేంద్రప్ప ఎర్రదిన్నెలో బస్సు దిగేసరికి పది గంటల ఇరవై నిమిషాలు. రెండు కొట్టేసరికి లేవిని జీపెక్కించి మేజిస్ట్రేటు ముందు నిలబెడతానని ఇన్స్పెక్టరు పానకాలరావు ఊరంతా వినేలా చెప్పి ఉన్నాడు. అంటే మిగిలింది మూడు గంటల నలభై నిమిషాలు. రాత్రి కంటి మీద కునుకు లేదు. చేతి గడియారం చూస్తే రోజుకు నాలుగు నిమిషాలు ముందుకు పరిగెత్తే రకం. తనకున్న తొందర చాలదన్నట్టు అదొకటి తోడయింది.

పదేళ్లు పోలీసు శాఖలో, అందులో నాలుగేళ్లు మద్యనిషేధం దళంలో పనిచేసి, పై అధికారితో పడక రాజీనామా కాగితం బల్ల మీద పడేసి వచ్చిన మనిషి అతను. కర్నూలు రాజధాని అయ్యాక అక్కడే ఒక చిన్న గది తీసుకుని డిటెక్టివు బోర్డు తగిలించుకున్నాడు. ఏడాదిన్నరగా వచ్చిన కేసులన్నీ మాయమైన ఫైళ్లు, మాయమైన అల్లుళ్లు. నిన్న దీపం పెట్టే వేళకు రత్నమణి అనే కూలిమనిషి వచ్చి గడపలో కూలబడి, "నా మొగుణ్ణి ఉరి తీస్తారంట సామీ" అన్నప్పుడు మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

ఆమె ఏడుస్తూ చెప్పింది, అతను దారి పొడుగునా నెమరు వేసింది ఇదీ. ఎర్రదిన్నెలో గోపన్న అనే రైతు మూడేళ్ల కిందట మూడెకరాల్లో ద్రాక్ష పెట్టాడు. జొన్న తప్ప వేరే పంట ఎరగని నేలలో బావి తవ్వించి, రాతి కూసాలు నాటించి, పందిళ్లు వేసి, తెల్ల ద్రాక్ష పండించి, రసం పిండించి సీసాల్లో కర్నూలుకు పంపేవాడు. ఉత్త రసమే. పులిసిందంటే సీసా పగలగొట్టి పారబోసేవాడు తప్ప అమ్మేవాడు కాడు. ఆ తోటకు కళ్లూ చేతులూ అన్నీ రత్నమణి మొగుడు లేవి. మొన్న సోమవారం, ఈస్టరు మర్నాడు పొద్దున ఆరు గంటలకు, ఇంటి పెరట్లో భూమిలో తవ్విన జొన్నల పాతరలో దిగిన గోపన్న ప్రాణంతో పైకి రాలేదు. ఆ సమయంలో పాతర మూతి దగ్గర ఉన్నది లేవి ఒక్కడే. పాతర అడుగున చూస్తే ఆరు బానల్లో నలిపిన ద్రాక్ష పండ్లు పులిసి నురగలు కక్కుతున్నాయి. లేవి నాలుగేళ్ల కిందట సారా కేసులో ఒకసారి దొరికినవాడు. ఇన్స్పెక్టరుకు ఇంకేం కావాలి?

లేవి దొంగతనంగా పాతరలో సారాకు పండ్లు పులియబెట్టాడు, గోపన్న దిగి చూశాడు, లేవి అతని తల పగలగొట్టాడు. పానకాలరావు కాగితం మీద మూడు ముక్కల్లో రాసుకున్న కథ ఇది. వినడానికి నున్నగా ఉంది. నున్నటి కథలంటే దేవేంద్రప్పకు మొదటి నుంచీ ఒళ్లు మంట.

గోపన్న ఇంట్లో అతన్ని ఎదురొచ్చి కూర్చోబెట్టినవాడు గోపన్న అన్న మహానంది. యాభై దాటిన మనిషి, భుజాన తువ్వాలు, ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డ కళ్లు. తనే లోపలికి పోయి చెంబుతో మజ్జిగ తెచ్చి ఇచ్చాడు. లేవి అట్లాంటివాడు కాదని, ఇన్స్పెక్టరుకు ఎంత చెప్పినా చెవికెక్కలేదని, మీరొచ్చి మంచి పని చేసినారని అన్నాడు. పరాయి ఊళ్లో పోలీసు పనికి పోయినప్పుడు ఇంత మర్యాద దొరకడం దేవేంద్రప్పకు అలవాటు లేదు. మజ్జిగ చల్లగా దిగింది.

గోపన్న భార్య సుబ్బరత్నమ్మ నడవ తలుపు వెనక ఉంది. చీర చెంగు అంచు మాత్రం కనిపిస్తోంది. దేవేంద్రప్ప తలుపు వైపు తిరిగి రెండు ముక్కలు అడగబోయాడు.

"మా మరదలు నా ముందర నోరు తెరవదప్పా" అన్నాడు మహానంది. "కాపురానికొచ్చి పద్నాలుగేండ్లాయ, నేను ఆయమ్మ గొంతు విన్లేదు. అడుగు, నేను చెప్తా."

ఇది దేవేంద్రప్పకు కొత్త కాదు. అతనిది ఆలూరు పక్క పల్లె. అతని భార్య కూడా అతని అన్న ఎదురైతే పక్కకు తప్పుకుని, గోడ వైపు తిరిగి నిలబడుతుంది. అందుకని ప్రశ్నలు తలుపుకు వేసి, జవాబులు మహానంది దగ్గర తీసుకున్నాడు. జవాబులన్నీ తేటగానే వచ్చాయి. ఉగాదికి ముందే పాత జొన్నలు తోడి పాతర ఖాళీ చేశారు. అప్పటి నుంచి బండ మూసే ఉంది. ఇంటిల్లిపాదీ ఒంటిమిట్టకు రాములవారి కల్యాణానికి పోయారు. ఇల్లు తాళం. అందరూ కలిసి ఆదివారం మధ్యాహ్నం తిరిగొచ్చారు. కొత్త జొన్నలు పోయాలంటే ముందు పాతర గోడలకు గడ్డి పరవాలి. అందుకని ఆదివారం సాయంత్రం ఐదుకు గోపన్న బండ ఎత్తించి, రాత్రంతా తెరిచి ఉంచాడు. మూసిన పాతరలో గాలి చెడుతుంది, ఒక రాత్రి తెరిచి పెడితే పోతుంది. తాతల నాటి నుంచి సీమలో ప్రతి ఇంట్లో చేసేది ఇదే.

"అందరూ కలిసి ఆదివారమే వచ్చినారా?" అని దేవేంద్రప్ప మళ్లీ అడిగాడు, రాసుకోవడానికి.

మహానంది అవునన్నాడు. తలుపు గొళ్లెం ఒకసారి గట్టిగా కదిలింది. లోపల ఆమె ఏడుస్తోందనుకుని దేవేంద్రప్ప పుస్తకం మూసి లేచాడు. పదకొండు గంటల ఐదు నిమిషాలు.

లేవిని పశువుల కొట్టంలో కూర్చోబెట్టారు. చేతులకు బేడీలు, పక్కన ఒక కానిస్టేబులు. ముప్పై ఐదేళ్ల బక్క మనిషి. తీగలకు మైలుతుత్తం మందు కొట్టీ కొట్టీ గోళ్ల సందుల్లో నీలం రంగు దిగిపోయింది. దేవేంద్రప్ప నేల మీదే చతికిలబడి మెల్లగా అడిగాడు. లేవి మాటలు నోట్లోంచి రావడమే కష్టంగా వచ్చాయి.

"దిగినాడు సామీ. అడుగు తాకినాక 'లేవీ' అన్నెడు. ఇంకో మాట లేదు. కూసున్నట్ల కూసుని పక్కకు ఒరిగిపాయ. నేను దిగినా. సగానికి పోయేతలికి ముక్కు సుర్రుమనె, తల గిర్రున తిరిగె. పైకొచ్చేసినా. ఇంకా కిందికి పోయింటే నేనూ ఆడనే పడేవాన్ని. అరిస్తే అందరూ వచ్చిరి. బావి గాలం తెచ్చి, కొక్కీలకు తగిలించి లాగినాం."

"శుక్రవారం నుంచి యాడుండావు?"

"చర్చిలో సామీ. మంచి శుక్రవారం తెల్లారి పోయినా, ఆదివారం పగటేల వచ్చినా. మా చర్చి అయ్యగారిని అడగండి. ఇన్నూరు మంది చూసినారు."

"రెండొందల మంది చూస్తే మాత్రం" అంటూ వెనక నుంచి వచ్చాడు పానకాలరావు. కృష్ణా తీరం మనిషి. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన క్రాపు. సీమకు బదిలీ అయిన రోజు నుంచీ ఇక్కడి ఎండనీ, జొన్న సంగటినీ, ఈ మధ్య దేవేంద్రప్పనీ ఓర్చుకుంటున్నవాడు. ఇంతకు ముందు రెండు కేసుల్లో దేవేంద్రప్ప అతని కాగితాలు తిరగరాయించాడు, ఆ మంట ఇంకా చల్లారలేదు.

"చూడండి డిటెక్టివు గారూ, చర్చికి పోకముందే బానలు దించి ఉంటాడు. ఎవడు అడ్డం? అసలు సంగతి చెప్పనా. యజమాని కళ్లముందు కూలిపోతే వీడు దిగలేదు. సగం దిగి వెనక్కొచ్చాడట. చావు ఖాయమని తెలిసినవాడే అలా వస్తాడు. తల వెనక గాయం రెండంగుళాలు. డాక్టరు కొలిచాడు."

"నెత్తురు ఎంత కారిందని రాసినాడు డాక్టరు?"

ఆసుపత్రి వాళ్ల పూర్తి కాగితం ఇంకా రాలేదన్నాడు పానకాలరావు. గోపన్న ఒంటి మీది చొక్కా మాత్రం స్టేషనులో ఉంది, దాని మెడపట్టీ తెల్లగానే ఉందని కానిస్టేబులు అడగకుండానే చెప్పి ఇన్స్పెక్టరు చూపుకు నోరు మూసుకున్నాడు. దేవేంద్రప్ప లేచి కొట్టం మూలకు పోయాడు. బావిలో పడ్డ బొక్కెనలు తీసే నాలుగు కొక్కీల ఇనప గాలం అక్కడ గోడకు ఆనించి ఉంది. ఒక కొక్కీ మొనకు రెండు నెరిసిన వెంట్రుకలు అంటుకుని ఎండిపోయాయి. రెండు రోజులుగా పోలీసులు దాని పక్కనే చుట్టలు కాలుస్తూ కూర్చున్నారు.

చచ్చిన తలకు తగిలింది కాబట్టే నెత్తురు కారలేదని దేవేంద్రప్ప అన్నాడు. పానకాలరావు చేతిరుమాలుతో ఆ మొనను పట్టుకుని చూశాడు. తరువాత, గాయం సంగతి అటుంచి మనిషి చచ్చాడు గదా, ఎలా చచ్చాడో చెప్పండి అన్నాడు. అదే చూపిస్తాను రమ్మన్నాడు దేవేంద్రప్ప.

పదకొండు ముప్పై ఐదుకు అందరూ పాతర దగ్గర నిలబడ్డారు. పైన మనిషి దూరేంత మూతి, కింద రెండాళ్ల లోతున గదంత పొట్ట, దిగడానికి గోడకు తవ్విన కాలిగుంటలు. సీమలో ప్రతి పాతరా ఇంతే. మూతి చుట్టూ పుల్లటి ఘాటు. లోపల ఐదు బానలు మిగిలి ఉన్నాయి. ఒకదాన్ని సోమవారమే గాలంతో పైకి లాగి, కాగితం మీద సాక్షుల వేలిముద్రలు వేయించుకుని పెంటకుప్ప మీద గుమ్మరించారు. మిగిలినవి కోర్టుకు సాక్ష్యంగా అట్లాగే ఉంచారు. పాతర తెరిచి మూడు రాత్రులు గడిచాయి. మామూలు పాతర అయితే చంటిబిడ్డ దిగి ఆడుకోవచ్చు.

దేవేంద్రప్ప వంటింట్లోంచి ప్రమిద తెప్పించి, వెలిగించి, దారానికి కట్టి దించాడు. మొల లోతుకు దీపం వంగింది. ఇంకో జానెడు దిగగానే ఎవరో నోటితో ఊదినట్టు ఆరిపోయింది. మళ్లీ వెలిగించి దించాడు. అదే చోట ఆరింది.

పానకాలరావు చిన్నగా నవ్వి, తన బ్యాటరీ లైటు తీసి, దానికి అదే దారం కట్టి కిందికి వదిలాడు. లైటు అడుగు దాకా దిగి, బానల మీద దర్జాగా వెలుగుతూ కూర్చుంది.

"ఏదీ, ఆరలేదే. మీ దీపంలో నూనె తక్కువేమో" అన్నాడు.

బ్యాటరీ లైటుకు గాలి పీల్చే పని లేదని దేవేంద్రప్ప చెప్పాడు. ద్రాక్ష పులిసేటప్పుడు బరువైన గాలి పుడుతుంది, అది నీళ్లలాగా గుంతలో నిలబడుతుంది, జొన్నల గాలి ఒక రాత్రికి పోతుంది గానీ ఇది పోయేది కాదు, బానలు పులుస్తున్నంతసేపూ కొత్తది ఊరుతూనే ఉంటుంది అని విడమరిచి చెప్పాడు. గోపన్న తాతల పద్ధతి ప్రకారం రాత్రంతా తెరిచి పెట్టి నిశ్చింతగా దిగాడు. కింద ద్రాక్ష ఉందని తెలియదు. తెలిసి ఉంటే దీపం దించి చూసేవాడు.

మాటలతో ఒప్పుకునే మనిషి కాడు పానకాలరావు. పైగా చుట్టూ ఊరి జనం. టోపీ తీసి కానిస్టేబులు చేతికిచ్చి, ఈ గాలి సంగతేమిటో నేనే చూస్తానని కాలిగుంటల్లో కాళ్లు పెట్టి దిగడం మొదలుపెట్టాడు. దేవేంద్రప్ప వద్దని చెయ్యి పట్టుకున్నా విదిలించుకున్నాడు. రొమ్ము లోతు వరకు బాగానే దిగాడు. పైకి చూసి కనుబొమలెగరేశాడు కూడా. తరువాత కింద ఏముందో చూడటానికి వంగాడు.

"వంగొద్దు సామీ" అని లేవి కేక పెట్టాడు.

అప్పటికే ఇన్స్పెక్టరు వేళ్లు సడలుతున్నాయి. దేవేంద్రప్ప అందుకునే లోపల లేవి కానిస్టేబుల్ని తోసేసి నేల మీద బోర్లా పడి, బేడీల చేతులతోనే అతని చొక్కా మెడ దొరకబుచ్చుకున్నాడు. బేడీల గొలుసు పాతర మూతి రాతికి రాసుకుని చర్మం ఊడొచ్చింది. వదల్లేదు. నలుగురూ కలిసి లాగి, పానకాలరావును మంచం మీద పడుకోబెట్టి మొహాన నీళ్లు కొట్టారు. అతను కళ్లు తెరిచి మొదట టోపీ కోసం వెతుక్కున్నాడు. ఆ తరువాత లేవి చేతుల వైపు చాలాసేపు చూశాడు. దేవేంద్రప్పకు లోపల గర్వం పొంగింది. అది తప్పని తెలిసినా అణచుకోలేదు.

ఇక మిగిలింది, ఆ ద్రాక్ష లేవిది కాదని తేల్చడం. గాలంతో ఇంకో బాన పైకి తెప్పించాడు. మూతికి వాసెన గుడ్డ కట్టలేదు. సారా కాచేవాడెవడూ అట్లా నోరు తెరిచి వదిలెయ్యడు, ఈగలు పడతాయి. బాన పైన తెట్టు బెత్తెడు మందాన ఉబ్బి, బుస్సుమంటూ బుడగలు పగులుతున్నాయి. మద్యనిషేధం దళంలో నాలుగేళ్లు ఇలాంటి బానలే పగలగొట్టాడు గనక దేవేంద్రప్పకు వాటి వయసు లెక్క నోటికి వచ్చు. నలిపిన రెండో నాటికి తెట్టు లేస్తుంది. మూడు, నాలుగు, ఐదో నాళ్లు ఇట్లా ఉడుకుతుంది. ఆరో నాటికి తొక్కలు మునగడం మొదలవుతుంది. ఈ ఎండలకు ఇంకా ముందే మునుగుతుంది. ఈ రోజు బుధవారం. అంటే ఇవి శుక్రవారం రాత్రికి ముందు నలిపినవి కావు. శుక్రవారం తెల్లారి నుంచి లేవి చర్చిలో ఉన్నాడు.

తెట్టులోంచి గుప్పెడు తొక్కలు తీసి అరచేతిలో పరిచాడు. నల్లగా ఉన్నాయి. పెంటకుప్ప మీద ఎండినవీ నల్లగానే ఉన్నాయి.

"గోపన్న తోటలో ఒక్క నల్ల తీగ ఉండాదేమో ఎవురన్నా చెప్పండి" అన్నాడు జనం వైపు తిరిగి.

జనం తలలు అడ్డంగా ఊపారు. ఉన్నదంతా తెల్ల ద్రాక్ష. అది కూడా ఇంకా కోతకు రాలేదు, శుక్రవారం మొదలుపెట్టాలి. మహానంది ముందుకొచ్చి, ఈ చుట్టుపక్కల నల్ల ద్రాక్ష యాడా లేదని, బెంగుళూరు పక్క నుంచి రావాల్సిందేనని తనే చెప్పాడు. దేవేంద్రప్ప ఆ తొక్కల్ని లేవికి చూపించాడు. లేవి వాటిని చూశాడు, మహానందిని చూశాడు, తల దించుకున్నాడు.

"ఈ పండ్లు ఇంతకు ముందు యాడన్నా చూసినావా?"

"తెల్దు సామీ."

రెండు రోజులు పోలీసుల చేతిలో ఉన్నవాడు, భయం ఇంకా వదల్లేదు, తరువాత నిదానంగా అడగవచ్చనుకున్నాడు దేవేంద్రప్ప. గడియారం ఒంటిగంట దాటింది. ముందు మనిషిని విడిపించాలి.

పానకాలరావు మంచం మీదే కూర్చుని, తడి తువ్వాలు నెత్తిన వేసుకుని ఆలోచించాడు. ఓడిపోయినా మొండికెయ్యలేదు, అది అతని మంచి గుణమే. ఇంకా అరెస్టు కాగితం మీద పెట్టలేదు గనక విచారణకు పిలిచి వదిలినట్టు రాయవచ్చునన్నాడు. పిలిచినప్పుడు హాజరు పరుస్తానని ఊళ్లో పరువున్న మనిషి ఎవరైనా పూచీ ఉండాలన్నాడు.

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మహానంది తువ్వాలు సర్దుకుని వచ్చి, తమ్ముడి ఉప్పు తిన్నవాడు, నేను గాక ఇంకెవరుంటారని వేలిముద్ర కాదు, సంతకమే పెట్టాడు. సాక్షిగా దేవేంద్రప్ప తన కలంతో కింద సంతకం చేశాడు. రత్నమణి ఒకచోట నిలబడలేక కొట్టానికీ పాతరకూ మధ్య తిరుగుతోంది. బేడీలు ఊడగానే మొగుడి మణికట్లు చూసి కొంగు చించి కట్టింది. ఇంటికి పోదామంది. మహానంది వద్దన్నాడు.

"ఊళ్లో అందరూ నోటికొచ్చినట్ల మాట్లాడతాండారు. రెండు దినాలు తోటలోనే ఉండనీ. శుక్రవారం కోత. రసం తొట్టి కడగాల, సీసాలు ఉడకేయాల. చేతిలో పని ఉంటే మనసు కుదుటపడతాది. నువ్వు ఇంటికి పోయి సంగటి చేసి పొద్దుగూకినాక తెచ్చీ."

దేవేంద్రప్పకు ఆ మాట నచ్చింది. పెద్దమనిషి అంటే ఇట్లా ఉండాలనుకున్నాడు. ఒంటిగంట నలభైకి బండి కదిలింది. మహానంది ముందు కూర్చుని ఎద్దుల్ని అదిలించాడు. లేవి వెనక కూర్చుని, కట్టు కట్టిన చేతులు ఒళ్లో పెట్టుకుని, దేవేంద్రప్పకు దండం పెట్టబోయి, నొప్పికి పెట్టలేకపోయాడు. ఏదో చెప్పాలన్నట్టు నోరు తెరిచాడు కూడా. మహానంది వెనక్కి తిరిగి గట్టిగా పట్టుకొమ్మన్నాడు. లేవి నోరు మూసుకున్నాడు.

జనం పలచబడ్డారు. అంతా అయిపోయినట్టే ఉంది గానీ దేవేంద్రప్పకు కాలు నిలవలేదు. పెరట్లో అటూ ఇటూ నడిచాడు. ఆరు బానల ద్రాక్ష అంటే తక్కువలో తక్కువ పది బుట్టలు. బెంగుళూరు పక్క నుంచి లారీలో రావాలి, ఎవరో దించుకోవాలి, నలపాలి, తాళం వేసిన ఇంటి పెరట్లోకి మోసుకొచ్చి, బండ ఎత్తి, దించి, మళ్లీ మూసి మెత్తాలి. తాళం పగలగొట్టిన గుర్తు లేదు, గోడ దూకిన గుర్తు లేదు. బయటి దొంగలు పాతర వెతుక్కుని ఎందుకొస్తారు? నడుస్తూనే గడియారం చూశాడు. రెండు గంటల ఇరవై.

నడవ తలుపు తెరుచుకుంది. సుబ్బరత్నమ్మ చెంగు నెత్తి మీదికి లాక్కుని గడప దాటి వచ్చింది. వీధి వైపు ఒకసారి చూసి, బండి లేదని నిర్ధారించుకుని, పాతర పక్కన నిలబడింది. ఆమె గొంతు వినడం దేవేంద్రప్పకు అదే మొదలు. బొంగురుగా, నిలకడగా ఉంది.

"మీరు పొద్దున అడిగింది నన్ను కాదు, మా బావను. నేను గొళ్లెం కదిలిస్తి, మీకు తెలియల్యా. మేము ఆదివారం వచ్చినాం. మా బావ గురువారమే వచ్చేసె. కల్యాణం అయిన మర్నాడే. తోటలో పిట్టలు పడతాండాయి, కావిలి కాయాల అన్నెడు. ఇంటి తాళంచెవి మా బావ దగ్గరే ఉండె."

దేవేంద్రప్ప నడక ఆగింది. ఆమె ఆపలేదు. ఆదివారం సాయంత్రం లేవి తన భర్త దగ్గరికొచ్చి, శుక్రవారం తెల్లారి చర్చికి పోయేముందు తోట కొట్టంలో నల్ల ద్రాక్ష బుట్టలు దించుతుంటే చూశానని మొదలుపెట్టాడట. మహానంది మధ్యలో అడ్డం వచ్చి, ఆ సంగతి నేను చెప్తాలే, పొద్దున తొందరగా వచ్చి పాతరలో గడ్డి పరువు అని లేవిని పంపేశాడట. ఈ ఇంట్లో పాతర దిగేది ఏటా లేవే. గోపన్న ఎన్నడూ దిగింది లేదు. సోమవారం లేవి పండగకు కుట్టించుకున్న కొత్త చొక్కాతో వచ్చాడు. అది చూసి గోపన్న నవ్వి, మట్టిలో పొర్లించి పాడుచేసుకుంటావా, ఈ ఏడు నేను దిగుతాలే అన్నాడు.

"మా ఆయప్ప అప్పటికింకా దిగల్యా. కాలు లోపల పెట్టినాడు, అంతే. మా బావ పెరటి వాకిట్లో వేపపుల్లతో పండ్లు తోముకుంటాండె. ఇది చూసి చెంబు యాడిదాడ ఇడిసి సగం దూరం పరిగెత్తుకోనొచ్చె. 'నువ్వు దిగొద్దురా, లేవిని దిగనీ' అని అరిచె. మా ఆయప్ప వాళ్లన్న మాటకు నవ్వి దిగిపాయ. ఎందుకట్ల అరిచెనో నాకు రెండు దినాలు తెలియల్యా. ఇప్పుడు మీరు ఆ గాలి సంగతి చెప్తాంటే తలుపు సందులోంచి విన్యా."

బుట్టలు దించడం చూసిన లేవి నోరు మూయించడానికే మహానంది ఆ బానలు పాతరలో పెట్టాడు. పోయినవాడు పోవలసినవాడు కాదు. పోవలసినవాణ్ణి ఉరి నుంచి తప్పించి, పూచీకత్తు రాయించి, తన సంతకం కింద పెట్టి, తనే బండి ఎక్కించాడు. పొద్దుటి నుంచి ఆ మనిషి ఇచ్చిన మజ్జిగ తాగుతూ, ఆ మనిషి నోటితోనే ఈమె జవాబులు రాసుకున్నాడు. ఇంత సిగ్గు అతనికి ఉద్యోగం వదిలిన రోజున కూడా కలగలేదు.

"ఇన్స్పెక్టరు గారూ, జీపు" అన్నాడు.

పానకాలరావు తలుపు పక్క నుంచి అంతా విన్నట్టున్నాడు. నెత్తి మీది తడి తువ్వాలు విసిరేసి అప్పటికే వీధిలోకి పరిగెత్తుతున్నాడు, డ్రైవరును పేరు పెట్టి కేకలేస్తూ. డ్రైవరు భోజనానికి పోయాడని ఎవరో అన్నారు. నేనే తోలుతానన్నాడు. తోటకు రెండు మైళ్లు, బండి బాట. ఎద్దులు ఈపాటికి చేరి ఉంటాయి.

"ఆ రసం తొట్టి ఎంత లోతమ్మా?" అని దేవేంద్రప్ప పరిగెత్తుతూనే అడిగాడు.

"మనిషి మునిగేంత" అంది సుబ్బరత్నమ్మ. "మేము ఊరి నుంచి వచ్చేతలికే దానికి మూత ఏసి ఉండె. ఆదివారం తోటకు పోతే ఈ పులుపు వాసనే కొట్టె, మా బావ నన్ను ఆ పక్కకు రానియ్యల్యా."